తూటా వైరస్‌లు: ఒకటి గడువిస్తుంది, మరొకటి ఇవ్వదు

ఆదివారం పొద్దున రాంనగర్ చేపల మార్కెట్ నుంచి అడిక్‌మెట్‌లోని ఇంటికి తిరిగొస్తుంటే, మా వీధి చివరి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నలుగురు గుమిగూడి కనిపించారు. ఆరో తరగతి చదివే పిల్లాడు మెట్ల మీద కూర్చుని పిక్క చూపిస్తున్నాడు. వాచ్‌మన్ పిల్లలు చేరదీసిన కుక్కపిల్ల, మూడు నెలలది, ఆడుతూ ఆడుతూ పట్టేసిందట. రెండు గీతలు. ఒకదాని మీద ఎండిన రక్తపు చుక్క. నాయనమ్మ అప్పటికే పసుపు అద్దేసింది. ‘‘చిన్న గీతే బిడ్డా, పసుపు పెట్టిన, రేపటికల్లా మానిపోతది’’ అందామె నాతో. పిల్లాడి తల్లికి మాత్రం అనుమానంగానే ఉంది. ‘‘డాక్టర్‌గారూ, కుక్కపిల్లే కదా... సూది అవసరమా?’’ అని అడిగింది.

అవసరమే అన్నాను. ముందు ఆ పసుపు పోయేలా కుళాయి కింద కాలు పెట్టించి, బట్టల సబ్బుతో కడిగించాను. రెండు నిమిషాలకే ‘‘అయిపోయింది అంకుల్’’ అని లేవబోయాడు. ఫోన్‌లో టైమర్ పెట్టి పదిహేను నిమిషాలూ కూర్చోబెట్టాను. తర్వాత తండ్రి బండి మీద నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి పంపాను. నా చేతిలోని చేపల సంచీ కారి చెప్పులు తడిసిపోయాయి, అది వేరే సంగతి.

కుక్క కాటు విషయంలో మన పేట అదృష్టవంతమైనదని నాకనిపిస్తుంటుంది. ఒకవైపు నారాయణగూడలో ఐపీఎం ఉంది. ‘కుక్క సూదుల దవాఖానా’ అంటే ఆటోవాళ్లు నేరుగా అక్కడికే తీసుకెళ్లి దింపేవారు. ఇంకోవైపు నల్లకుంటలో ఫీవర్ ఆస్పత్రి. దాని అసలు పేరు రొనాల్డ్ రాస్ పేరు మీద ఉందని చాలామందికి తెలియదు. పాతకాపులకు అది ఇప్పటికీ ‘కోరంటి దవాఖానా’యే. క్వారంటైన్ అన్న ఇంగ్లిషు మాట మన నోళ్లలో నలిగి కోరంటి అయింది. ఈ రెండింటి మధ్యా నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉంటూ కూడా మనం వేసే ప్రశ్న మాత్రం ఒకటే: ‘కొంచెమే గీరింది, వెళ్లాలా?’

ఆ ప్రశ్నకు జవాబు ఆ వైరస్ ఒంటి నిర్మాణంలోనే ఉంది. అందుకే ఈ వారం కాస్త ఓపికతో వైరస్ కుటుంబం గురించే మాట్లాడుకుందాం.

మనకు ఇంటిపేర్లు ఉన్నట్టే వైరస్‌లకూ ఉన్నాయి. రేబిస్ వైరస్ ఇంటిపేరు రాబ్డోవిరిడే. గ్రీకు భాషలో ‘రాబ్డోస్’ అంటే కర్ర, కడ్డీ. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే ఈ కుటుంబంలో జంతువులకు సోకే వైరస్‌లు అచ్చం తుపాకీ తూటాల్లా ఉంటాయి. ఒక కొస గుండ్రంగా, ఇంకో కొస చదునుగా. పొడవు దాదాపు 180 నానోమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరులో అయిదున్నర వేల తూటాలను వరసగా పేర్చవచ్చు. వీటి జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. అదీ ఒకే పోగు. పైగా తిరగబడ్డ పోగు. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు ఎదురుగా చూస్తే తిరగేసి ఉంటాయి కదా, కాగితం మీద గుద్దితేనే చదవగలం. ఈ ఆర్‌ఎన్‌ఏ కూడా అంతే. మన కణం దాన్ని నేరుగా చదవలేదు. గుద్దే యంత్రాన్ని కూడా వైరస్ తన వెంటే తెచ్చుకుంటుంది. ఇలా తిరగబడిన ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ ఉన్న కొన్ని కుటుంబాలను కలిపి మోనోనెగావిరేలిస్ అంటారు. గోత్రం లాంటిదనుకోండి. పిల్లలకొచ్చే తట్టు వైరస్‌దీ, ఎబోలాదీ ఇదే గోత్రం.

రేబిస్ వైరస్ జన్యువుల పుస్తకంలో ఉన్నవి సుమారు 12 వేల అక్షరాలు మాత్రమే. కొవిడ్ వైరస్‌లో ఇంచుమించు 30 వేలున్నాయి. మనిషిలో 300 కోట్లు. ఆ 12 వేల అక్షరాలతో అది తయారుచేసుకునేవి అయిదే అయిదు ప్రొటీన్లు: ఎన్, పి, ఎం, జి, ఎల్. ‘ఎన్’ ఆర్‌ఎన్‌ఏ చుట్టూ చుట్టుకుని కాపాడుతుంది. ‘ఎల్’ ఇందాక చెప్పిన గుద్దే యంత్రం. ‘పి’ దానికి సహాయకుడు. ‘ఎం’ లోపలి చట్రం. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ‘జి’ని. వైరస్ పైపొర మీద ముళ్లలా నిలబడి ఉండేది అదే. మన నరాల తలుపు తీసే తాళంచెవీ అదే. టీకా మన ఒంటికి ఆనవాలు పట్టిస్తున్నది కూడా ఆ తాళంచెవినే.

ఇక పైపొర. అది కొవ్వు పొర. వైరస్ దాన్ని సొంతంగా చేసుకోలేదు, పుట్టిన కణం నుంచి చించుకొచ్చుకుంటుంది. ఆ కొవ్వే దాని బలహీనత. జిడ్డు గిన్నె సబ్బుకి ఎలా వదులుతుందో ఈ పొర కూడా సబ్బుకి అలాగే కరిగిపోతుంది. పొర పోతే ‘జి’ ముళ్లు పోతాయి. ముళ్లు పోతే తాళం తీసే దారి లేదు. ప్రపంచంలోనే అత్యంత ప్రాణాంతకమైన వైరస్‌ల్లో ఒకటి అయిదు రూపాయల సబ్బుబిళ్లకు లొంగుతుంది. ఈ పని పసుపు చేయలేదు. కారం, సున్నం, కాఫీపొడి, ఇంజన్ ఆయిల్ అసలే చేయలేవు. ఇవన్నీ నేను గాయాల మీద చూసినవే. పైగా వాటిని రుద్దడం వల్ల వైరస్‌ను లోపలికి తోసినట్టవుతుంది.

ఈ కుటుంబం మనం ఊహించేదానికంటే చాలా పెద్దది, వందలాది జాతులున్నాయి. చేపలకు సోకేవి వేరే, మొక్కలకు సోకేవి వేరే. పశువులున్న ఇళ్లవాళ్లకు ‘మూడు రోజుల జ్వరం’ తెలిసే ఉంటుంది. ఉన్నట్టుండి ఆవు కుంటుతూ, మేత మానేసి, మూడోరోజుకల్లా లేచి తిరిగేస్తుంది. ఆ వైరస్ కూడా రేబిస్‌కు దాయాదే. వంగ మొక్కను గిడసబార్చే వైరస్ కూడా ఒకటుంది ఈ కుటుంబంలో. కుక్క కరిచినవాళ్లు వంకాయ తినకూడదని పథ్యం చెప్పే పెద్దలకు ఈ సంగతి తెలిస్తే మరింత పట్టుబడతారేమో! నిజానికి కుక్క కాటుకు ఏ పథ్యమూ లేదు. గుడ్డు, మాంసం, వంకాయ, పెరుగు, అన్నీ తినొచ్చు. మొక్క వైరస్ మనిషికి రాదు. ఇంకో దాయాది పశువుల నోట్లో పుళ్లు పుట్టించే వెసిక్యులార్ స్టొమటైటిస్ వైరస్. దాని ‘జి’ ముళ్లు తీసేసి ఎబోలా ముళ్లు అతికించి చేసిన టీకాకు 2019లో అనుమతి దొరికింది. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన గుణం ఒకటి కాదు.

మనుషులకు సంబంధించినంత వరకు ఈ కుటుంబంలో తెలుగు ఇళ్లల్లో కన్నీళ్లు పెట్టించినవి రెండు. ఒకటి రేబిస్. రెండోది చండీపుర. వీటి నడవడిక ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

ముందు రేబిస్ సంగతి. కుక్క లాలాజలంతో కండలోకి దిగిన వైరస్ వెంటనే మెదడుకు పరిగెత్తదు. కొన్నాళ్లు ఆ కండలోనే తచ్చాడుతుంది. తర్వాత ‘జి’ తాళంచెవితో నరం కొసను పట్టుకుని లోపలికి దూరుతుంది. నరంలో వెన్నువైపు సాగే సహజమైన రవాణా మార్గం ఒకటుంది. ఆ బండెక్కి రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున పైకి పాకుతుంది. రక్తంలో తిరగదు కాబట్టి మన రోగనిరోధక వ్యవస్థ కంట పెద్దగా పడదు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, రక్తపరీక్షలో తెలియదు. ఈ మౌనం సాధారణంగా రెండు మూడు నెలలు ఉంటుంది. ఒక్కోసారి వారమే, ఒక్కోసారి ఏడాది. ముఖం మీద, మెడ మీద, వేళ్ల మీద కరిస్తే దారి తక్కువ లేదా నరాలు ఎక్కువ, కాబట్టి గడువు తగ్గిపోతుంది. చిన్నపిల్లలు కుక్క నోటి ఎత్తులో ఉంటారు. వాళ్లకు కాటు ముఖం మీదే పడుతుంది.

మెదడుకు చేరాక మన చేతుల్లో ఏమీ ఉండదు. 2004లో అమెరికాలో గబ్బిలం కరిచిన ఒక బాలికను మందులతో కోమాలో ఉంచి బతికించారు. ఆ పద్ధతిని తర్వాత చాలామంది మీద ప్రయత్నించారు, దాదాపు ఎవరూ దక్కలేదు. అంటే ఈ జబ్బుకు చికిత్స చేయగలిగింది జబ్బు రాకముందే. కరిచిన క్షణం నుంచి వైరస్ నరంలోకి దూరే లోపు ఉన్న సమయమే మనకు దొరికిన గడువు. మరే ప్రాణాంతక వైరస్ కూడా ఇంత ఉదారంగా గడువు ఇవ్వదు. ఆ గడువును మనం ఎలా పారేసుకుంటున్నామో ఒక సంగతి చెబుతాను.

కొన్నేళ్ల కిందట నా డ్యూటీలో నలభై ఏళ్లలోపు మనిషి వచ్చాడు. ‘నీళ్లు మింగుడు పడడం లేదు, గొంతు ఇన్ఫెక్షన్ అనుకుంటా’ అని తనే చెప్పాడు. గ్లాసు చేతికిచ్చాం. పెదవుల దాకా వెళ్లేసరికి మెడ కండరాలు బిగుసుకుపోయి గ్లాసు ఎగిరిపడింది. ఫ్యాన్ గాలికి కూడా అదే బిగువు. నేను ఆయన భార్యను పక్కకు పిలిచి కుక్క ఏమైనా కరిచిందా అని అడిగాను. ‘‘మూడు నెలలైంది సార్. సూది వేయించాం కదా’’ అంది. సంచిలోంచి చీటీ తీసి చూపించింది. ఒక చిన్న క్లినిక్ చీటీ. గాయానికి మూడు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షన్, యాంటీబయాటిక్ మాత్రలు. అంతే. టీటీ ధనుర్వాతం రాకుండా వేసేది. రేబిస్‌కు దానికీ సంబంధం లేదు. ఆమెకు అది తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు, చీటీ రాసినవాళ్లకు తెలిసి ఉండాలి. ‘సూది వేయించాం కదా’ అన్న ఆ మాటకు నా దగ్గర అప్పుడూ సమాధానం లేదు, ఇప్పుడూ లేదు. ఆయన మర్నాడు రాత్రి పోయారు. చివరిదాకా స్పృహలోనే ఉన్నారు.

అందుకే కుక్క కరిస్తే ‘సూది వేయించాను’ అన్న మాటతో తృప్తిపడకండి. ఏ సూది అన్నది అడగండి. చీటీ మీద యాంటీ రేబిస్ వ్యాక్సిన్ అని ఉందా? రక్తం కనిపించిన గాయమైతే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వాడుకలో సీరం, అని కూడా ఉందా?

ఈ రెండో ప్రశ్న చదువుకున్న ఇళ్లల్లో కూడా చాలామంది అడగరు. టీకా వేయగానే ఒంట్లో రక్షణ పుట్టదు. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. లోతైన గాయమైతే ఆ రెండు వారాలూ వైరస్‌కు చాలినంత సమయం. సీరం అంటే అప్పటికే తయారై ఉన్న యాంటీబాడీలు. వాటిని గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తే అక్కడికక్కడే ‘జి’ తాళంచెవులను పట్టుకుని నిలబెట్టేస్తాయి. టీకా పని మొదలుపెట్టేదాకా కాపలా కాసేది ఇదే. కాటు గాయాలను డాక్టర్లు మూడు కేటగిరీలుగా చూస్తారు. తాకడం, మామూలు చర్మాన్ని నాకడం మొదటిది, దానికి కడుక్కోవడం చాలు. రక్తం రాని గీరుడు, చర్మం కాస్త లేచిపోవడం రెండోది, దానికి టీకా. చర్మం తెగి రక్తం వచ్చిన ఏ కాటు అయినా, గీత అయినా, చిట్లిన చర్మాన్నో నోటినో కంటినో కుక్క నాకినా మూడోది. దానికి టీకాతో పాటు సీరం తప్పనిసరి. మా వీధి పిల్లాడి పిక్క మీద ఎండిన ఆ రక్తపు చుక్క అతణ్ని మూడో కేటగిరీలోకి నెట్టింది.

సీరం గాయంలోకి ఎక్కించేటప్పుడు నొప్పి ఉంటుంది, పిల్లలు ఏడుస్తారు. ‘చేతికి వేసేయండి సార్’ అని తల్లిదండ్రులే బతిమాలుతారు. ఒప్పుకోకండి. గాయంలో పడాల్సింది గాయంలోనే పడాలి. మొదటిరోజు దొరక్కపోతే మొదటి టీకా వేసిన ఏడో రోజు వరకూ వేయించుకోవచ్చు, ఆ తర్వాత దానివల్ల ప్రయోజనం లేదు. గాయానికి కుట్లు వెంటనే వేయించుకోవద్దు. తప్పనిసరైతే సీరం ఎక్కించాకే.

టీకా విషయానికొస్తే, మన తండ్రుల తరం బొడ్డు చుట్టూ వేయించుకున్న పద్నాలుగు సూదులు ఇప్పుడు లేవు. గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకాను మన దేశం 2004 చివర్లో పూర్తిగా ఆపేసింది. దాంతో కొందరికి పక్షవాతం లాంటి నరాల సమస్యలు వచ్చేవి. ఇప్పటి టీకాలు కణాలను పెంచి చేసేవి, చాలా సురక్షితమైనవి. అలాంటి టీకా ఒకటి మన గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థదే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మంలోకి కొద్దికొద్దిగా రెండు భుజాలకూ వేస్తారు: మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టుకోవాలి. ప్రైవేటులో ఎక్కువగా కండకు వేస్తారు, దానికి 14వ రోజు కూడా కలిపి అయిదు డోసులు. పిరుదుకు మాత్రం వేయకూడదు, అక్కడి కొవ్వులో టీకా సరిగ్గా పనిచేయదు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, అందరూ వేయించుకోవచ్చు. ఇంతకుముందు పూర్తి కోర్సు వేయించుకున్నవాళ్లకు మళ్లీ కరిస్తే సున్నా, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం అక్కర్లేదు. చీటీ దాచుకోమని చెప్పేది ఇందుకే.

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు మా దగ్గరికి తరచూ వస్తుంటారు. రాత్రి పదింటికి టీ తాగడానికి రోడ్డెక్కినప్పుడు కరిచిన కేసులే ఎక్కువ. మొదటి డోసుకు ముగ్గురు స్నేహితులు వెంట వస్తారు. రెండో డోసుకు ఒక్కడే వస్తాడు. మూడోదానికి ప్రిలిమ్స్ ఉంటుంది, నాలుగోదానికి ఊళ్లో పండగ ఉంటుంది. ‘ఏం కాలేదుగా సార్’ అంటారు. భారత వైద్య పరిశోధన మండలి జరిపిన ఇటీవలి సర్వే లెక్క ప్రకారం మన దేశంలో రేబిస్‌తో ఏటా సుమారు 5,700 మంది చనిపోతున్నారు. కుక్క కరిచినవాళ్లలో అయిదింట ఒకరు అసలు టీకానే వేయించుకోవడం లేదు. మొదలుపెట్టినవాళ్లలో దాదాపు సగం మంది పూర్తి చేయడం లేదు. టీకా లేక పోయే ప్రాణాలు కొన్ని. టీకా ఉండీ పోయేవి ఇవి.

2023 ఫిబ్రవరిలో మనకు కూతవేటు దూరంలోని బాగ్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు పొట్టనపెట్టుకున్నాయి. అది రేబిస్ మరణం కాదు. ఆ దృశ్యం చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. కానీ ఆనాటి నుంచి కుక్క ప్రమాదం అంటే గుంపుగా మీదపడే పెద్ద కుక్కలే మనకు గుర్తొస్తున్నాయి. నా అనుభవంలో రేబిస్ అలా రాదు. ఇంట్లో అందరూ బిస్కెట్లు పెట్టే కుక్కపిల్ల నుంచి, ఒంటరిగా తిరిగే పిల్లి నుంచి, కేసు కూడా కాదనుకున్న గీత నుంచి వస్తుంది. కుక్కలను చంపడమా, షెల్టర్లకు తరలించడమా అన్న వాదన నడుస్తూనే ఉంది. వైద్యుడిగా నేను చూసేది ఒకే ఒక అంకె. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి ఏటా టీకా పడితే ఆ ప్రాంతంలో వైరస్ ఒకదాన్నుంచి మరొకదానికి పాకలేక ఆగిపోతుంది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ మరణాలను సున్నా చేస్తామని కేంద్రం 2021లో ప్రణాళిక ప్రకటించింది. మన వార్డులో ఎన్ని కుక్కలున్నాయి, వాటిలో ఎన్నింటికి ఈ ఏడాది టీకా పడింది అన్న అంకె ప్రతి కాలనీ సంక్షేమ సంఘం నోటీసు బోర్డు మీద ఉండాలి. సీసీ కెమెరాల బిల్లు గురించి అడిగినంత గట్టిగా ఈ అంకె గురించి జీహెచ్‌ఎంసీని అడగాలి. టీకాతో పాటు సీరం కూడా పెద్దాసుపత్రుల్లోనే కాక ఇంటికి దగ్గర్లో దొరకాలి. అడిక్‌మెట్‌లో ఉన్నవాడికి నల్లకుంట పది నిమిషాలు. ఊరి చివర కాలనీలో ఉన్నవాడికి సగం రోజు కూలీ.

పెంపుడు కుక్కలున్నవాళ్లకు ఒక మాట. మీ కుక్కకు ఏటా టీకా వేయిస్తున్నా, అది కరిస్తే గాయం కడిగి డాక్టరుకు చూపించండి. కరిచిన కుక్కను పది రోజులు గమనించడం మంచిదే. అయితే టీకా మొదలుపెట్టి గమనించాలి, గమనించి మొదలుపెట్టడం కాదు. కరిచిన కుక్కను కొట్టి చంపేస్తే ఆ గమనించే అవకాశం కూడా పోతుంది.

ఇక రెండో దాయాది గురించి.

2003లో నేను ఉత్తర తెలంగాణలోని ఒక పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్‌ని. తొలకరి మొదలైన రోజులు. తెల్లవారుజామున జీపుల్లో, ఆటోల్లో పిల్లలను తెచ్చేవారు. రాత్రి అన్నం తిని పడుకున్న పిల్ల. అర్ధరాత్రి జ్వరం, వాంతి, తెల్లారేసరికి ఫిట్స్. మేం సెలైన్ పెట్టి, ఫిట్స్‌కు మందిచ్చి, మెదడు వాపు తగ్గడానికి మానిటాల్ ఎక్కించేలోపే కొందరు కోమాలోకి వెళ్లిపోయేవారు. సాయంత్రానికి మంచం ఖాళీ. మొదట అందరం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నాం. ‘మెదడువాపు వ్యాధి’ అని పత్రికలు రాశాయి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లిన నమూనాల్లో కనిపించింది మాత్రం తూటా ఆకారపు వైరస్. చండీపుర.

ఆ పేరు నాగపూర్ దగ్గరి ఒక ఊరిది. 1965లో అక్కడ జ్వరం వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ల రక్తంలో తొలిసారి కనబడింది. తర్వాత దాదాపు నలభై ఏళ్లపాటు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు ఈ మెదడువాపు వస్తే 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెలకే ఎక్కువ దెబ్బ. అది వైరస్ పని కాదని, మెదడు రక్తనాళాలు మూసుకుపోవడమని హైదరాబాద్ పిల్లల వైద్యులు కొందరు వాదించారు. వాళ్ల స్కానింగ్ ఆధారాలు వాళ్లకున్నాయి, ఆ వాదన చాలాకాలం నడిచింది. 2004లో గుజరాత్‌లో, ఆ తర్వాత విదర్భలో మళ్లీ ఇదే వైరస్ బయటపడింది. 2024లో మన దేశంలో జూన్ నుంచి ఆగస్టు మధ్యలోపు 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు నమోదైతే వాటిలో 64 కేసుల్లో చండీపుర నిర్ధారణ అయింది.

అదే కుటుంబం, అవే అయిదు ప్రొటీన్లు, అదే తూటా ఆకారం. కానీ రేబిస్ నెలలు ఇస్తే ఇది గంటలు ఇస్తుంది. దీనికి టీకా లేదు, సీరం లేదు, వైరస్‌ను చంపే మందు లేదు. ఫిట్స్‌ను ఆపడం, శ్వాసను నిలబెట్టడం, మెదడు వాపును తగ్గించడం మాత్రమే చేయగలం. అవైనా ఎంత త్వరగా మొదలుపెడితే అంత.

దీన్ని మోసేది శాండ్ ఫ్లై. దోమలో మూడో వంతు ఉంటుంది, ఎగిరినట్టు కాక గెంతినట్టు కదులుతుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోగలదు. మట్టిగోడల పగుళ్లు, పశువుల కొట్టాలు, పేడ దిబ్బలు దాని ఇళ్లు. ‘మాది సిటీ, మాకెందుకు’ అనుకోకండి. వేసవి సెలవుల చివర్లో, స్కూళ్లు తెరిచే ముందు, మన పిల్లలను అమ్మమ్మగారి ఊళ్లకు పంపేది సరిగ్గా ఈ వైరస్ కాలంలోనే. పంపండి, మానాల్సిన పని లేదు. పాత ఇంటి గోడ పగుళ్లు పూడ్పించండి, కొట్టం ఇంటికి ఆనుకుని ఉంటే మందు కొట్టించండి. పిల్లలను నేల మీద కాకుండా మంచం మీద, సన్న కన్నాల తెరలో పడుకోబెట్టండి. సాయంత్రం ఆరు దాటాక నిండా బట్టలు వేయండి. పదిహేనేళ్లలోపు పిల్లలకు జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చినా, మగతగా ఉండి పిలిస్తే పలకకపోయినా ఆర్‌ఎంపీ దగ్గర ఒక రాత్రి గడపకండి. 108కు ఫోన్ చేసి, పిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రికే నేరుగా తీసుకెళ్లండి. 2003లో మా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది అప్పటికే రెండు మూడు చోట్ల ఆగి వచ్చినవాళ్లు.

మా వీధి పిల్లాడి సంగతి చెప్పలేదు కదూ. ఆ రోజే సీరం, మొదటి డోసు పడ్డాయి. 3, 7 రోజులవీ అయ్యాయి. పదిరోజులు దాటినా కుక్కపిల్ల సెల్లార్‌లో గెంతుతూనే ఉంది. దానికీ టీకా వేయించారు. ‘కుక్కకేం కాలేదుగా డాక్టర్‌గారూ, నాలుగోది మానేద్దామా?’ అని వాళ్ల అమ్మ మెసేజ్ పెట్టింది. చర్మంలోకి వేసే కోర్సులో కుక్క బాగున్నా చివరి డోసు వేయించాల్సిందే అని రాశాను. 28వ రోజు పిల్లాడి పుట్టినరోజు నాడు పడింది. మొన్న సాయంత్రం నాయనమ్మ చేయి పట్టుకుని ఆటో ఎక్కుతూ కనిపించాడు. కేక్ కోసేది సూదికి ముందా, తర్వాతా అని ఆమెతో బేరమాడుతున్నాడు.